కొంగులో పడ్డ కుట్ర

"పచ్చిపులుసుల ఉల్లిగడ్డ గింత లావుగ కోస్తరా? బర్లకు మేత వేసినట్టున్నది!" నిర్మలమ్మ గిన్నెను ముందుకు తోసింది.

"సన్నగ కోస్తే నోటికి తగలదు అవ్వా" అంది వంటమనిషి సక్కుబాయి.

"నాకే నేర్పుతవా? మళ్ల కొయ్యి!"

సక్కుబాయి పళ్లు బిగించి కత్తిపీట లాక్కుంది. ఆమె అసలు పేరు వెన్నెల, సీక్రెట్ ఏజెంట్. చిన్న మంగళారంలోని ఆ ఫామ్‌హౌస్ యజమానురాలు నిర్మలమ్మకు ఆ సంగతి తెలియదు. తెలిసినా ఉల్లిగడ్డ దగ్గర తగ్గే మనిషి కాదు.

వెన్నెల చెవికమ్మలోని రిసీవర్ గరగరలాడింది. తోటలో పైపుతో నీళ్లు పడుతున్న మాలి అనంతయ్యే ఆమె చీఫ్.

"మల్లెచెట్టుకు పురుగు పట్టింది."

శత్రువు లోపలికి వచ్చాడని ఆ కోడ్‌కు అర్థం.

"ఎవరు సార్?"

"తెలియదు. దెబ్బ మాత్రం ఈ పూటే."

ఒక దీవి కోసం రెండు దేశాలు యుద్ధనౌకలను ఎదురెదురుగా నిలిపాయి. చివరి ప్రయత్నంగా, మధ్యవర్తులుగా కూర్చునే ముగ్గురు ఆర్బిట్రేటర్లు ఇచ్చే తీర్పుకు కట్టుబడతామని సంతకాలు చేశాయి. హైటెక్ సిటీ హోటళ్లలో విలేకరుల బెడద ఎక్కువని విచారణను ఈ ఫామ్‌హౌస్‌లో పెట్టారు. ఇద్దరికీ ఆయుధాలు అమ్మే విదేశీ ముఠాకు ఇది గిట్టలేదు. ఆర్బిట్రేటర్ల అధ్యక్షురాలు జస్టిస్ ఇంగ్రిడ్ ఒక పక్షం నుంచి గుండుసూది పుచ్చుకున్నట్టు ఫొటో దొరికినా చాలు. రెండో పక్షం లేచిపోతుంది. నౌకలు కదులుతాయి.

పదకొండున్నరకు మొయినాబాద్ వైపు నుంచి వచ్చిన నల్లకారులోంచి ఇంగ్రిడ్ దిగింది. వరండాలో రెండు దేశాల బృందాలు చెరో పక్కన ముఖాలు తిప్పుకుని నిలబడ్డాయి. పట్టుచీర, నల్లకళ్లద్దాలతో ప్రోటోకాల్ ఆఫీసర్ దీక్షిత మెట్లు దిగింది. ప్రభుత్వం పంపిన మనిషే. 'మాది ఈ పక్కనున్న ప్రొద్దుటూరే' అని వచ్చిన రోజే అందరికీ చెప్పుకుంది.

"వెల్‌కమ్ మేడమ్. ఇది మా ఊరి ఆచారం."

ఆమె చాచిన పళ్లెంలో ఎర్రటి రవికెగుడ్డ ఉంది.

వంటింటి గుమ్మంలో వెన్నెల ఉలిక్కిపడింది. వచ్చిన ఆడమనిషికి గడప దాటకముందే రవికెగుడ్డా? అది బొట్టు పెట్టి సాగనంపేటప్పుడు ఇచ్చేది. ప్రొద్దుటూరు ఆడబిడ్డ చేసే తప్పు కాదిది. పైగా గుడ్డ మధ్యలో ఉబ్బెత్తుగా ఉంది. కళ్లద్దాల అంచున చిన్న లెన్స్ మెరిసింది.

ఇంగ్రిడ్ చేయి చాచింది. ఇంకో అంగుళం.

"ఆగమ్మా!" వెన్నెల పరుగున వచ్చి ఇద్దరి మధ్యకు దూకింది. "వట్టి చేతుల పెడ్తరా ఎవరన్న? మేడమ్‌కు కొంగు లేకపాయె. నా కొంగుల వెయ్యి!"

"వంటమనిషివి! పక్కకు జరుగు!"

వెన్నెల జరగలేదు. కొంగు పట్టి పళ్లెం అంచు ఎత్తింది. గుడ్డ జారి కొంగులో పడింది. విదిలిస్తే వజ్రాల నెక్లెస్ బయటపడింది. దాని కొక్కెం మీద ఆ రెండు దేశాల్లో ఒకదాని రాజముద్ర ఉంది.

దీక్షిత కారు వైపు పరుగెత్తింది. నీళ్ల పైపు కాళ్లకు చుట్టుకుని బోర్లా పడింది.

"ఎటు ఉరుకుతున్నవ్ బిడ్డా?" అనంతయ్య పైపు బిగించాడు. "చేవెళ్ల బస్సుకు ఇంక టైమున్నది."

కళ్లద్దాల కెమెరాలో మూడు ఫొటోలు దొరికాయి. మూడింటిలోనూ లంచం పుచ్చుకుంటున్నది వంటమనిషే.

కానీ వరండాలో అప్పటికే అరుపులు మొదలయ్యాయి. "లంచం మీదే!" "మా ముద్ర వేసి పెట్టింది మీరే!" ఒకరి కాలర్ ఒకరి చేతికి చిక్కింది.

"కొట్లాట తర్వాత పెట్టుకోండ్రి, అన్నం చల్లారుతున్నది" అంటూ నిర్మలమ్మ అందరినీ తన ఇంటివాళ్లు తినే బల్ల దగ్గరికి తరిమింది. మొదటి కంచం ఇంగ్రిడ్ ముందు పెట్టింది.

ఇంగ్రిడ్ దాన్ని వెనక్కి జరిపింది.

"తీర్పు వచ్చేదాకా రెండు పక్షాలూ ఈ బల్ల దగ్గరే, ఒకే గిన్నెలోంచి తినాలి. ఒకరు లేచినా నేను తినను. ఇది నా మొదటి ఉత్తర్వు."

చివరికి కుర్చీలు కదిలాయి. ఎదురెదురుగా కూర్చుని ఒకరి కంచంలోకి ఒకరు అనుమానంగా చూసుకున్నారు.

దీవి ఎవరిదో తేలడానికి రెండేళ్లు పడుతుందని అంచనా. మొదటి ముద్ద ఎవరు తినాలో తేలడానికి మాత్రం ఆ పూట నలభై నిమిషాలే పట్టింది.