మూగబోయిన తొక్కుడుపెట్టె

కోనసిరి రాజ్యానికి ఉన్న కష్టమల్లా ఒక మంచు. ఏనాడో ఒక మంత్రగత్తె కోపంతో ఊదిన మంచు అది. లోయ నిండా పరుచుకుని కదలనే కదలదు. అందులో అడుగుపెట్టినవాడికి దారి కనబడదు, పొద్దుగుంకేలోగా బయటపడకపోతే మనిషే మంచులో కలిసిపోతాడు. అయినా తేనె, మందువేళ్లు దొరికేది అక్కడే కనుక వెళ్లక తప్పదు. రాజుగారి చెల్లెలు కూడా మందుకోసం వెళ్లి మరి రాలేదు.

లోయ అంచున కొండమీద ముత్తేలు అనే పిల్ల, ఆమె తండ్రి దాలయ్య ఉండేవారు. మూడో మనిషి లేడు. తల్లి లేని పిల్ల, తలకు నూనె రాసే దిక్కు కూడా లేదు. తండ్రి తేనెకు దిగినప్పుడల్లా ఆమె కొండకొమ్మున ఒంటరిగా కూర్చుని కిన్నెర వాయించేది. ఆ మోత వెంట ఆయన పైకి వచ్చేవాడు.

వట్టి కిన్నెర మోత మంచును దాటదు. అందుకని ముత్తేలు తన చేత్తోనే ఒక తొక్కుడుపెట్టె చేసుకుంది. పనసచెక్క పెట్టెలో ఒక పిడుగురాయి, ఒక శంఖం, రెంటినీ కలుపుతూ లక్కతో అతికిన రాగితీగలు. కాలితో మీట తొక్కితే కిన్నెర పలుకు ఉరుములా పొంగి మంచును చీల్చుకుపోయేది.

ఒకనాడు పొద్దున్నే దాలయ్య లోయలోకి దిగాడు. ముత్తేలు మీట తొక్కింది. పెట్టె పలకలేదు. మళ్లీ తొక్కినా అంతే. కిన్నెర తంతులు చూసింది, బిగువుగానే ఉన్నాయి. మీట చూసింది, బాగానే దిగుతోంది. పిడుగురాయి చచ్చిందేమో! అయ్య కాలు బెణికి ఎక్కడైనా పడిపోతే? పిలిచినా వినబడకపోతే? ధైర్యం చెప్పడానికి పక్కన పిట్టయినా లేదు. పెట్టెను మూపున కట్టుకుని, తిండైనా తినకుండా, రాయి దొరికిన గుహకే పరుగెత్తింది.

గుహలోంచి పిడుగుల రాక్షసుడు గర్జిస్తూ వచ్చాడు. "ఓసి గుప్పెడంత పిల్లా! నిన్ను చూసి నవ్వాలా, మింగాలా?"

"ముందీ రాయి సూడు తాతా. తరవాత నీ ఇట్టం. మా అయ్య మంచులో ఉన్నాడు."

"నేనంటే భయం లేదూ?"

"ఎందుకు లేదు? పొద్దుగుంకితేనే ఇంకా బయం."

తాతా అని పిలిపించుకుని ఎన్ని యుగాలైందో, రాక్షసుడి మీసాలు వాలిపోయాయి. రాయి తీసుకుని నాలుక కొసకు తాకించాడు. "అబ్బా!" అని గుహ అదిరేలా ఎగిరాడు. "నాలుక చిమచిమలాడిపోయిందే! దీనికేం రోగం, నిక్షేపంలా ఉంది. ఇక్కడే ఉండిపోరాదూ? కబుర్లు చెప్పుకుందాం."

"మా అయ్య దొరికాక వస్తాను తాతా."

"అందరూ అంటారులే" అని రాక్షసుడు లోపలికి పోయాడు.

రాయి బాగుంటే శంఖమే చెడి ఉండాలి. శంఖం దొరికింది అగాధం అవతల, గండభేరుండ పక్షి గూడు కింద. అగాధం మీద పుచ్చిపోయిన తీగవంతెన. ఎవరి బిడ్డా దానిమీద నడవకూడదు. సగం దాటగానే కాలికింది తీగ తెగింది. ముత్తేలు పైతీగను పట్టుకుని వేలాడుతూ, కిందకు చూడకుండా అవతలికి చేరింది.

ముత్తేలు శంఖం అందించగానే పక్షి రెండు తలల్లో ఒకటి అందులో పాడింది, రెండోది చెవి ఆనించింది.

"వినబడిందా?"

"నీ బొంగురు గొంతు రెండింతలు బొంగురుగా వినబడింది. శంఖం బాగుంది పిల్లా. ఇక మిగిలింది నీ చేతి అతుకే."

ముత్తేలుకు రోషం వచ్చింది. "నా అతుకు ఊడటమా! అయ్య దిగే ముందల్లా లక్క కాచి పోస్తాను."

"ఊడదు సరే. లోపల తీగా తీగా తగులుతోందా?"

ముత్తేలు రాయినీ, శంఖాన్నీ అనుమానించింది కానీ తన అతుకును విప్పి చూడలేదు. కత్తిమొనతో లక్కముద్దను గీకింది. పొరకింద పొర, పొరకింద పొర. చిట్టచివర రెండు తీగల కొసల మధ్యకు కూడా లక్క దిగి, ఉల్లిపొరంత అడ్డుగోడ కట్టి ఉంది. ఊడిపోతుందేమోనన్న భయంతో పోసిన లక్కే వాటిని విడదీసింది.

రాగి మెరిసేదాకా రుద్ది, తీగలను పంటితో మెలివేసింది. దానిమీద లక్క పూయాలని చేతులు ఒకటే పీకాయి. మొలలో దోపుకున్న లక్కకర్రను తీసి అగాధంలోకి విసిరేసింది.

పొద్దు వాలుతోంది. గండభేరుండం ఆమెను వీపున ఎక్కించుకుని, ఎటు ఎగరాలో రెండు తలలూ పోట్లాడుకుంటూనే, కొండకొమ్మున దించింది.

ముత్తేలు మీట తొక్కింది. కొండ అదిరింది. ఏళ్ల తరబడి లక్క మింగేసిన మోతంతా ఒక్కసారి లోయమీద పడింది. కానీ బదులు లేదు. వేళ్లు చిట్లినా వాయించింది. తెల్లటి మంచు, తను, ఇంకెవరూ లేరు. సూర్యుడు కొండ అంచును తాకాడు.

అప్పుడు కింద ఎవరో దగ్గారు.

"ఏటమ్మా ఆ మోత! సెవులు గింగిర్లెత్తిపోనాయి!" అంటూ దాలయ్య పైకి వచ్చాడు. ఆయన వెనక రాజుగారి చెల్లెలు, ఆమె వెనక ఎప్పుడెప్పుడో మంచులో కలిసిపోయినవాళ్లంతా, ఆ మోతకు మేలుకుని కళ్లు నులుముకుంటూ బారులు తీరి వచ్చారు. చివరి మనిషి గట్టెక్కగానే మంచు విడిపోయి లోయ పచ్చగా బయటపడింది.

"ఆకలేస్తోందమ్మా, ఏమైనా ఉందా?" అని అడిగింది రాజుగారి చెల్లెలు.

అంతమందికి సరిపోయే కుండ ఆ కొండమీద లేదు. ఇద్దరికి వండుకునే చిన్నకుండనే ముత్తేలు పొయ్యిమీద పెట్టి, దించి, మళ్లీ పెట్టి, అందరి కడుపులూ నిండేదాకా వండుతూనే ఉంది.