బబెట్ తిరిగొచ్చిందా?

1989 డిసెంబరు తొమ్మిది, శనివారం. ఆ సాయంత్రం మా చర్చి హాల్లో తిన్నది బూయా. కోడి, గొడ్డుమాంసం, క్యాబేజీ వేసి పొద్దుటి నుంచీ పెద్ద అండాలో ఉడికించిన చారు. రెండో గరిటె నా గిన్నెలో పడేలోపే వడ్డించే అమ్మాయితో గొడవ పడ్డాను.

గోడ మీద ఓ కాగితం అంటించి ఉంది: ‘మన చిన్ననాటి టీవీ క్రిస్మస్ బొమ్మలాట, బబెట్ బాతు. ఐదింటికి.’

“పండగపూట పిల్లల్ని ఏడిపిస్తారా ఏమిటి? చివర్లో ఆ బాతు చచ్చిపోతుంది కదా!” అన్నాను పక్కవాడితో.

గరిటె గాల్లో ఆగింది. “ఎవరండీ చెప్పింది మీకు?”

“చెప్పేదేముంది? చిన్నప్పుడు ఏటా చూశాను.”

“బబెట్ చావదు. తిరిగొస్తుంది.”

“రాదండీ.”

“అయ్యా, ఆ బాతు మా నాన్న చేతికి తొడుక్కున్న మేజోడు. ఏటా దాన్ని ఉతికి ఆరేసింది నేను. నాకంటే మీకెక్కువ తెలుసా?”

హాలంతా నవ్వింది. నా చెవులు వేడెక్కాయి.

ఆమె డెల్ఫీన్. మా ఊరి చిన్న టీవీ స్టేషన్‌లో బొమ్మలాడించిన ఆయన కూతురు. మిల్వాకీలో టీచరు. తండ్రి పోయాక అటక మీద ఆ ఫిల్మ్ చుట్ట దొరికితే, ఊరందరికీ చూపిద్దామని ప్రొజెక్టర్‌తో సహా వచ్చింది. ఆదివారం తిరుగు ప్రయాణం. ఇవన్నీ నేను మూడో గిన్నె బూయా అయ్యేలోగా ఆరా తీశాను. ఆకలి ఎప్పుడో తీరిపోయింది.

“తిరిగొస్తే ఏం చేస్తారు?” అంది, రొట్టె ముక్క నా పళ్లెంలో పడేసి.

“మీ ఎదుట బాతులా అరుస్తాను.”

“మాట తప్పరుగా?”

“నార్బర్ట్ మాట తప్పడు. కావాలంటే ఊళ్లో అడగండి.”

ఐదింటికి దీపాలార్పారు. లైట్‌హౌస్‌లో ముసలాయన, ఆయన పెంచుకున్న బాతు. చలికాలం రాగానే బాతు దక్షిణానికి ఎగిరిపోతుంది. సరస్సు గడ్డకడుతుంది. ముసలాయన కిటికీ దగ్గర కూర్చుంటాడు. అక్కడికి వచ్చేసరికి నేను కుర్చీ అంచుకి జరిగాను, ఏడేళ్లప్పటిలాగే.

అప్పుడే గడియారం చూశాను. ఐదూ ఇరవై. లేచాను.

“ఓడిపోతానని పారిపోతున్నారా?” ప్రొజెక్టర్ పక్కనుంచి డెల్ఫీన్ గుసగుసగా అరిచింది.

“ఇంటిదగ్గర ఎదురుచూస్తుంటారండీ!” అన్నాను.

ఆమె మొహం మారింది. వివరించే వ్యవధి లేదు. నాన్నకి నడుం ఆపరేషనైంది, పాలు పితకాల్సింది నేనొక్కణ్ణే.

కొట్టంలో మొదటి ఆవు పొదుగు కడుగుతుండగా తట్టింది. చిన్నప్పుడూ ఇంతే. ఏటా సరిగ్గా ముసలాయన కిటికీ దగ్గర కూర్చునేసరికి “నార్బర్ట్, ఆవులు!” అని నాన్న కేకేసేవాడు. నేను ఆ కథ చివర ఒక్కసారీ చూడలేదు! బాతు చచ్చిపోయిందని చెప్పింది మా అక్క రోజలీ. అది కూడా నేను తన స్కేట్లు విరగ్గొట్టిన ఏడాది.

చివరి ఆవు దగ్గరికి వచ్చేసరికి బయట కారు ఆగింది. ప్రొజెక్టర్‌ని పసిబిడ్డలా ఎత్తుకుని డెల్ఫీన్ గుమ్మంలో నిలబడింది.

“ఎదురుచూసే ఆవిడెవరో చూసి పోదామని వచ్చాను.”

“ముప్ఫై రెండుమంది ఉన్నారు. ఎవరితో మొదలుపెట్టమంటారు?”

ఆవుల వరస చూసింది. పెదవి బిగించి నవ్వాపుకుంది. నేను స్కేట్ల సంగతితో సహా అంతా చెప్పాను.

“మీ అక్క అడ్రసివ్వండి. నాలుగు మాటలు రాయాలి,” అంటూ ప్లగ్గు కోసం వెతికింది.

సున్నం కొట్టిన కొట్టం గోడే తెర అయింది. ముసలాయన బల్ల మీద రెండు గిన్నెలు పెట్టాడు. ఒకటి తనకి, ఒకటి ఖాళీ కుర్చీకి. తలుపు చప్పుడైంది. నెత్తి నిండా మంచుతో బబెట్! మరీ గబగబా దూరడంతో, బాతు కింద మనిషి మోచెయ్యి ఒక్క క్షణం కనిపించింది.

డెల్ఫీన్ లేచి గోడ మీద అక్కడ వేలు పెట్టింది. “అది మా నాన్నే.”

చుట్ట అయిపోయి టపటపలాడింది. ఇద్దరిలో ఎవరమూ దాన్ని ఆపలేదు.

తర్వాత మాట ప్రకారం బాతులా అరిచాను. చివరి ఆవు బదులు పలికింది. డెల్ఫీన్ నవ్వి నవ్వి స్తంభం పట్టుకుంది.

అడిగితే ఇప్పుడే అడగాలి. వెళ్లిన బాతు రాదని ఇన్నేళ్లు నమ్మినవాణ్ణి, ఎవరినీ మళ్లీ రమ్మని అడిగి ఎరగను.

“రేపు వెళ్లిపోతారుగా?”

“వెళ్తాను.”

“మళ్లీ... వస్తావా?”

‘మీరు’ ఎక్కడ జారిపోయిందో నాకే తెలియలేదు. ఆమెకి తెలిసింది. ఎర్రబడింది.

“వచ్చే శనివారం వస్తాను. నువ్వు మాత్రం మధ్యలో లేచి వెళ్లకు.”

లేచి వెళ్లలేదు. ముప్ఫై ఒక్క డిసెంబర్లు ఆ గోడ మీదే కలిసి చూశాం. ఇప్పుడు ప్రొజెక్టర్ నేనొక్కణ్ణే తిప్పుతున్నాను. మోచెయ్యి కనిపించగానే గోడ మీద అక్కడే వేలు పెడతాను. ఆ చోట సున్నం కాస్త నున్నగా అరిగి ఉంటుంది, ఆమె వేలికి.

ఆ మొదటి సాయంత్రం మాత్రం ప్రొజెక్టర్ ఆమె కారు దాకా నేను మోశాను. వెనకాలే వచ్చిన డెల్ఫీన్ దీపం ఆర్పి, ఆవులు ఉలిక్కిపడకుండా, కొట్టం తలుపు మెల్లగా మూసింది.