ఉప్పులో పెట్టిన కత్తి

రషీద్ అనే ఊళ్ళో, చేపల బజారు వెనక సందులో దసూఖీ మంగలికొట్టు. పక్క కొట్లో ఫసీఖ్ అమ్ముతారు. ఉప్పులో వేసి, కుళ్ళి మెత్తబడేదాకా మాగబెట్టిన చేప అది. కొత్తవాళ్ళు ఆ సందులోకి వస్తే ముక్కు మూసుకుని పారిపోతారు. హిలాల్‌కి మాత్రం ఆ కంపు అలవాటైపోయింది, కొంప ముంచింది కూడా ఆ అలవాటే. ముక్కు చెప్పినప్పుడు వినలేదు.

హిలాల్ ముప్పై దాటినవాడు. పడవలకి తారు పూసే పని పోయాక మేనమామ దసూఖీ దగ్గర చేరాడు. మామకి కొడుకులు లేరు, చేతులు వణకడం మొదలైంది. పని వస్తే కొట్టు మేనల్లుడిదే. కానీ ముసలాయన అతన్ని ఏ గడ్డం దగ్గరికీ రానివ్వకుండా నెలల తరబడి తోలు ముందరే నిలబెట్టాడు. అద్దం పక్కన మేకుకి వేలాడే, కత్తికి పదును పెట్టే పొడుగాటి గేదె తోలుపట్టీ అది, ఆయన గురువుగారిదట. ఎడం చేత్తో కింది కొస బిగలాగి పట్టుకోవాలి. కత్తి వీపు ముందు నడవాలి, వాదర వెనక రావాలి. కొసకి వచ్చాక వీపు మీదే తిప్పాలి. వాదర మీద తిప్పితే తోలుకి గాటు పడుతుంది, మామ నోటికి పని పడుతుంది. వీటన్నిటికంటే ముందు అరచేత్తో తోలుని రుద్ది వెచ్చబెట్టాలి.

"అది నీ చేతి జిడ్డు తాగుతుందిరా. ఏది పెడితే అది తాగుతుంది," అనేవాడు మామ. "పిండి పిసికినట్టు పిసక్కు. నిమురు."

ఇంతలో తమ్ముడు ఇమాద్ పెళ్ళి కుదిరింది. పెళ్ళినాటి మధ్యాహ్నం పెళ్ళికొడుకుకి గడ్డం గీయాల్సింది ఇంటి మంగలే. మామ తన చేతులు చూసుకుని, ఈసారి నువ్వే గీయి అన్నాడు. హిలాల్‌కి సంతోషంతో పాటు గుండెల్లో రాయి పడింది. తండ్రి పోయాక ఇమాద్‌ని భుజాన మోసి పెంచింది తనే. చిన్నప్పుడు మరిగే తారు చుక్క ఎగిరిపడి వాడి గడ్డం కింద కాలింది. ఆ బొట్టంత చోట వెంట్రుక మొలవదు. ఇంకో మచ్చ తన చేతుల మీదుగా పడకూడదు.

పెళ్ళి ముందురోజు మంచి కత్తి కోసం సొరుగులన్నీ వెతుకుతుంటే అడుగున ఒక డబ్బా దొరికింది. నిండా కల్లుప్పు. అందులో ఒక కొమ్ముపిడి కత్తి పాతిపెట్టి ఉంది. హిలాల్‌కి ప్రాణం ఉసూరుమంది. చెమ్మ తగిలితేనే కత్తి తుప్పు పడుతుందని రోజూ తిట్టే మనిషి, ఇంత మంచి కత్తిని ఉప్పులో పెడతాడా! ముసలాయనకి మతి తప్పింది అనుకున్నాడు. తుడిచి, నూనె రాసి, తోలుకి పట్టాడు. అబ్బ, వెన్న మీద నడిచినట్టు నడిచింది. తమ్ముడికి ఇదే అనుకుని విడిగా దాచాడు.

మర్నాడు తెల్లవారుతూనే ఎడారి దుమ్ముగాలి లేచింది. మధ్యాహ్నానికి ఆకాశం ఇటుక రంగుకి తిరిగి, పట్టపగలే దీపం పెట్టాల్సి వచ్చింది. మామ పెళ్ళివారింటికి వెళ్ళాడు. హిలాల్ ఒక్కడే. కత్తికి ఆఖరి పదును పెడదామని తోలు మీద అరచెయ్యి ఆనించాడు.

చల్లగా ఉంది.

బయట రాళ్ళు కాలుతున్నాయి, తోలు మాత్రం తడిసి చల్లగా... చెయ్యి తీస్తే జిగట సాగింది. మళ్ళీ రుద్దాడు. ఏదో గుచ్చుకుంది. దీపం దగ్గరికి తెచ్చాడు. తోలు మీద సన్నగా, తెల్లగా మొలకలు. రెండు రోజులు మాసిన ముసలివాడి గడ్డంలా.

ఛీ, ఇదేం రోత! కంపు గుప్పుమంది. ఫసీఖ్ అనుకున్నాడు. కానీ దుమ్ముగాలికి పక్క కొట్టు పొద్దున్నే మూసేశారు.

దూరంగా పెళ్ళి డప్పులు. కత్తికి పదును కావాలి, తోలు నున్నగా ఉండాలి. మంగలికి తెలిసిన ఉపాయం ఒక్కటే. పళ్ళు బిగబట్టి, కుంచెతో తోలుకి నురగ పట్టించాడు. ఆ కత్తితోనే గీయడం మొదలుపెట్టాడు. చర్... చర్... నురగలో తెల్ల వెంట్రుకలు, పసుపు జిడ్డు. వేళ్ళకి అంటింది. నోట్లో ఉప్పునీళ్ళు ఊరాయి. మధ్యలో తోలు కదిలింది. పైకీ... కిందికీ. గుటక వేసినట్టు.

"మెల్లగా... నాయనా..." తోలులోంచి ఒక ముసలి గొంతు.

హిలాల్ కత్తి వదిలేసి, బేసిన్ పట్టుకుని పొద్దుటి తిండంతా కక్కేశాడు.

తల ఎత్తేసరికి డప్పులు గుమ్మంలో ఉన్నాయి. మామ, స్నేహితులు, మధ్యలో నవ్వుతూ ఇమాద్. ఏమని చెబుతాడు? చెబితే ఈ పెద్ద రోజున భయపడి సాకులు చెప్పాడంటారు, కొట్టు పోతుంది. మిగతా కత్తులకి పదును లేదు. ఆ కత్తినే మరిగే నీళ్ళలో ముంచి, అత్తరు నీళ్ళతో తుడిచి, తమ్ముడి గొంతుకి ఆనించాడు. చిన్న గాటు కూడా పడలేదు. అందరూ "నయీమన్" అంటూ, క్షవరం అయినవాళ్ళకి చెప్పే మాటతో దీవించారు. మామ హిలాల్ నుదుటి మీద ముద్దు పెట్టుకున్నాడు.

జనం వెళ్ళాక మామ సొరుగు తెరిచాడు.

"ఇందులో కత్తి ఏదిరా?" గొంతు తగ్గించి అడిగాడు.

హిలాల్ చూపించాడు. ముసలాయన కుర్చీలో కూలబడ్డాడు. ఊళ్ళోని హాజ్ షలబీ అనే ముసలివాడు జబ్బుతో పోయినప్పుడు, మాసిన గడ్డంతో మొహం పోల్చలేకుండా ఉందని కొడుకులు బతిమాలితే, మతం ఒప్పకపోయినా, షేక్‌గారికి తెలియకుండా శవానికి గీసిన కత్తి అట అది. శవాన్ని తాకిన కత్తి ఉప్పులోనే ఉండాలి. దానికి తోలు రుచి చూపించకూడదు.

"నాకెందుకు చెప్పలేదు మామా?"

"సిగ్గేసిందిరా."

ఇద్దరూ తోలుపట్టీని దింపి, వెనకగదిలో ఉప్పు జాడీలో పాతేశారు.

కొన్నాళ్ళకి ఇమాద్ కొట్టుకి వచ్చాడు. తన గడ్డం పెరగడమే లేదని, పెళ్ళాం తన చెంప చల్లగా ఉందని దగ్గరికి రానివ్వడం లేదని చెప్పుకున్నాడు. హిలాల్ చెంప మీద చెయ్యి వేశాడు. నున్నగా... తడిగా... చల్లగా. వేళ్ళకి జిగట అంటింది. ఒకే తల్లి కడుపున పుట్టిన తమ్ముణ్ణి ముట్టుకుని, అసహ్యంతో చెయ్యి చొక్కాకి తుడుచుకున్నాడు.

వెనకగదిలోకి నడిచాడు. ఇమాద్ మాటలు విన్న మామ అప్పటికే జాడీ ముందు ఉన్నాడు, ఒక చేతిలో కిరసనాయిలు, ఇంకో చేతిలో అగ్గిపెట్టె. మూత తీశారు.

తెల్ల మొలకలు పోయాయి. తోలు నిండా నల్లటి ఒత్తు గడ్డం. కింది కొస దగ్గర బొట్టంత చోట మాత్రం ఏమీ మొలవలేదు.

హిలాల్ చెయ్యి పెట్టాడు. వెచ్చగా ఉంది. అరచేతి కింద మెల్లగా గుటక వేసింది.

మామ అగ్గిపుల్ల తీశాడు. హిలాల్ ఆయన మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు.

"వద్దు మామా... కాల్చకు..."

ముందుగదిలో కుర్చీ కిర్రుమంది. తమ్ముడు పిలుస్తున్నాడు. మాటలు వచ్చిన నాటి నుంచి అన్నా అనే పిలిచేవాడు.

"ఎంతసేపు... నాయనా?"