ఇంజిన్ కింద మంట

ఉత్తరపు మంచుసీమలో చలికాలం. ఉదయం తొమ్మిదైనా యూకాన్ నది మీద ఇంకా చీకటే. గడ్డకట్టిన నది మీద ఎఫిమ్ విమానం నిలబడి ఉంది. ముందొకరు, వెనకొకరు పట్టేంత చిన్నది. పక్కనే స్లెడ్జి బండిలో, బొంతల కింద, అతని భార్య మార్ఫా పురిటి నొప్పులు పడుతోంది. నెలలు నిండకుండానే వచ్చాయి. మార్ఫా తల్లి కూతురి తల ఒళ్ళో పెట్టుకుంది. ఆస్పత్రికి విమానమే దారి. ఇంజిన్ చూస్తే చలికి బిర్రబిగుసుకుపోయింది. వేడెక్కందే కదలదు.

"నాకంటే దానికే ఎక్కువ సేవ చేస్తున్నావు," అంది మార్ఫా పళ్ళబిగువున.

"అదీ నీలాగే. బతిమాలితే గానీ కదలదు," అన్నాడు ఎఫిమ్.

ఇంజిన్ మీంచి మంచు దాకా మందపాటి పరదా దించి, లోపల పెట్రోలు స్టవ్వు వెలిగించి గొంతుక్కూర్చున్నాడు. మంట పెట్టినవాడు పరదా దాటి రాకూడదు. ఆ ఊళ్ళో పసివాళ్ళకైనా తెలిసిన సంగతే. గుడ్డ అంటుకుంటే విమానం దక్కదు, మార్ఫా దక్కదు. ముక్కు నిండా నూనె వాసన. స్టవ్వు బుసబుస. మనసు నిమిషం కుదురుగా లేదు.

బయట మార్ఫా కెవ్వుమంది.

ఎఫిమ్ ఒక్క ఉదుటున వచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. అప్పుడు గానీ చేసిన పని తట్టలేదు. వెనక్కి తిరిగాడు.

పరదా లోంచి మెల్లగా ఓ గొంతు...

"నువ్వక్కడే ఉండు. మంట నేను చూస్తాలే."

"అత్తా... లోపల ఎవరు?" గుసగుసగా అడిగాడు.

"ఎవరున్నారయ్యా? మనం ముగ్గురమేగా," అంది అత్త.

స్టవ్వు బుస తగ్గింది. ఎవరో తిప్పి తగ్గించినట్టు... మళ్ళీ పెరిగింది.

వెళ్ళి పరదా ఎత్తాడు. ఎవరూ లేరు. ఇంజిన్ మీద చెయ్యి పెట్టాడు. చుర్రుమంది. ఇంతసేపట్లో అంత వేడెక్కడం ఎన్నడూ చూడలేదు.

అతనికి భయం వేసింది. ఆ విమానం ఎక్కబుద్ధి కాలేదు. మార్ఫా మళ్ళీ మూలిగింది. ఇక ఆలోచించలేదు. స్టవ్వు ఆర్పి, పరదా లాగేశాడు. అత్తా అల్లుడూ కలిసి ఆమెను వెనక సీట్లో కూర్చోబెట్టారు. అత్త మంచు మీద ఉండిపోయింది. ఇంజిన్ ఒక్క తిప్పుకే అందుకుంది.

కొండలు దాటాక మూలుగు ఆగింది. చెవులకున్న హెడ్‌ఫోన్లో మార్ఫా గొంతు హాయిగా వినిపించింది.

"చెయ్యి తియ్యకు, ఎఫిమ్. పొట్ట మీద ఎంత వెచ్చగా ఉందో..."

ఎఫిమ్ రెండు చేతులూ ముందే ఉన్నాయి. విమానం నడిపే కర్రను పట్టుకుని.

"బిడ్డ కూడా సద్దుమణిగింది," అంది మార్ఫా. "అసలు కదలడమే లేదు."