రేవతి నెట్‌ప్యాక్

"కెమెరా జర ఆన్ చెయ్యుండ్రి. ముఖం సూడకుండ పెండ్లి మాటలేంది?" అన్నాడు సిద్ధు.

"ఫొటో పంపిన కదా. గదే ముఖం," అంది రేవతి. ఆ వెంటనే ఫోన్ కట్టయింది.

సిద్ధుకు చిర్రెత్తింది. అతను కరీంనగర్‌లో పెళ్లి వీడియోలు తీసి ఎడిట్ చేస్తాడు. రేవతిది మందమర్రి. మొజాంబిక్‌లో ఒక బొగ్గుగనిలో సర్వేయర్. ఇంట్లోవాళ్లు నంబర్లిచ్చి "మీరే మాట్లాడుకోండ్రి" అంటే, మొదటి మాటలే ఇలా అయ్యాయి.

కాసేపటికి మెసేజ్ వచ్చింది. "పొగరనుకోకు. నువ్వు నెలంత వాడే వైఫై పైసలతోని నాకిక్కడ వారం సుత నెట్ రాదు. మా క్యాంపుకు నెట్ కేబుల్ లేదు. ఒక్కటే టవర్."

సిద్ధు కోపం దిగిపోయింది. "మా డాబా మీద పావురాలకు సుత వైఫై అందుతది," అని రాశాడు.

"అయితే ఒక పావురాన్ని ఇటు పంపు."

అలా మొదలైంది. అతను పొద్దున్నే రెండు ముక్కలు రాసేవాడు. షిఫ్ట్ దిగాక ఆమె రెండు ముక్కలు రాసేది. ఆ రెండు ముక్కల కోసం సిద్ధు పెళ్లి భోజనాల మధ్య కూడా ఫోన్ తీసి చూసేవాడు.

ఒక సాయంత్రం వాన వెలిసి, మానేరు మీద కేబుల్ బ్రిడ్జి తళతళలాడింది. సిద్ధు డ్రోన్‌తో తీసి, పాట జోడించి, కుదించకుండానే అంత పెద్ద వీడియోను ఆమెకు పంపేశాడు.

తర్వాత ఆమె నుంచి ఏమీ లేదు. కొన్ని రోజులకు ఒక్క ముక్క వచ్చింది. "నీ వీడియోతోని బాపు ఫంక్షన్ సూడలేకపోయిన."

కంగారుగా ఆమె తల్లి రాజక్కకు ఫోన్ చేశాడు.

"మొన్న ఆదివారం బొగ్గుగనిల మా ఆయన రిటైర్మెంటు ఫంక్షనైంది బిడ్డా. ఫోన్ల సూస్తనని పిల్ల ప్యాక్ దాసుకున్నది. నీ వీడియో దానంతట అదే డౌన్‌లోడయి ప్యాకంత మింగిందట. అక్కడ రీచార్జ్ దుకాణం బందట. దండలేస్తుంటె ఈయన ఫోన్ దిక్కే సూసిండు."

మర్నాడే సిద్ధు మందమర్రిలో వాళ్ల క్వార్టర్ తలుపు కొట్టాడు.

"ఎవలు బిడ్డా?" అన్నాడు రేవతి తండ్రి ఎల్లేశం.

"నీ ఫంక్షన్ ఖరాబ్ చేసినోన్ని మామా."

"అప్పుడే మామనైన్నా?" ఎల్లేశం నవ్వి లోపలికి రమ్మన్నాడు.

సిద్ధు ఎల్లేశంతో పనిచేసిన గని కార్మికుల ఫోన్లన్నీ వెతికి ఫంక్షన్ ముక్కలు పోగేశాడు. వీడియో ఎంత పెద్దదైతే అంత గొప్ప అనుకునేవాడు, ఇప్పుడు కోసి, కుదించి, దండ పడే క్షణం మాత్రం ఉంచాడు. దాని వెనక ఎల్లేశం గొంతు పెట్టాడు: "నేను దిగిన పనిలకే నా బిడ్డ దిగింది. గది సాలు నాకు."

"ఇది ఫొటో అంతనే ఉంటది. భయపడకుండ తెరువు," అని రాసి పంపాడు.

చాలాసేపటికి జవాబొచ్చింది. "ఏడిపిచ్చినవ్."

"కోపం పోయిందా?"

"సగం."

శ్రావణంలో ఆమె సెలవు మీద వచ్చింది. మంచిర్యాల స్టేషన్‌లో రైలు దిగేసరికి వాన దంచుతోంది. ఎల్లేశంతో వచ్చిన సిద్ధు గొడుగు పట్టుకుని నోరు మెదపకుండా నిలబడ్డాడు.

"మాట్లాడవేంది?" అంది రేవతి. "ఇక్కడ ప్యాక్ అయిపోదు."

"నువ్వంటే ఇష్టం. నీతోని అక్కడికొస్త."

ఆమె ఒక్క క్షణం అతని ముఖంలోకి చూసింది. "అక్కడ నెట్ సరిగ లేదు. నీ పనెట్ల నడుస్తది?"

"అక్కడ పెండ్లిళ్లు కావా ఏంది? తీసి పెన్‌డ్రైవ్‌ల ఇస్త."

రేవతి నవ్వింది. "వచ్చే ఏడు మా క్యాంపుకు కేబుల్ ఏస్తరంటుండ్రు."

"ఎయ్యకున్నా వస్త."

వెనక సూట్‌కేసు మోస్తున్న ఎల్లేశం ఆగాడు. "ముహూర్తం నేనడుగుత గని, ముందుగాల నడువుండ్రి. తడుస్తుండ్రు."

రేవతి గొడుగు కిందికి జరిగి సిద్ధు చెయ్యి పట్టుకుంది.