మెరుపు దున్నకు తాళం

"ఓ బోటన్నా, ఇంజన్ బంద్ చెయ్! జల్ది!"

సోమశిల రేవులో బయలుదేరిన మోటారు బోటు కృష్ణ నడుమకు వచ్చిందో లేదో, ముందు బల్ల మీద కూర్చున్న హెప్సిబా కేక పెట్టింది. ఎవరో నీళ్లలో పడ్డారనుకుని బోటులో అందరూ లేచారు. బోటు ఒక పక్కకు ఒరిగింది. దర్శనానికి వచ్చిన నాగేంద్రమ్మ అనే పెద్దావిడ కొబ్బరికాయల సంచిని ఒళ్లోకి లాక్కుని, గుర్తొచ్చిన దేవుళ్లందరికీ మొక్కేసింది.

వెనక ఇంజన్ దగ్గరున్న ఉదయ్ కిరణ్ గబుక్కున దాన్ని ఆపేశాడు. "ఎవరు పడ్డరు? ఎవరు?"

"ఎవరు పడలే. దున్న వొచ్చింది." హెప్సిబా ఫోన్ ఎత్తి చూపించింది.

"మేడం, ఇది నది. కేకేస్తే ఆపనీకి ఆటో గాదు."

"ఆపినవు గదా! ఇంగ జర్రసేపు గట్లనే ఉండనియ్. బోటు ఉరుకుతుంటే ఇది చిక్కది."

ఆ పిల్ల ఆడేది 'మాన్‌స్టర్ మేళా' అనే ఆట. ఊరూవాడా తిరుగుతూ ఫోన్‌లో వింత జంతువులను పట్టాలి. ప్రతి జంతువుకూ మామూలు రంగు ఒకటి ఉంటుంది. వేలల్లో ఒకటి మాత్రం వేరే రంగులో తళుక్కుమంటూ వస్తుంది. ఆడేవాళ్లు దాన్ని 'మెరుపు' అంటారు. నీటిదున్న నది మీద తప్ప రాదు, అదీ కదలకుండా ఉంటేనే చిక్కుతుంది. దాని మామూలు రంగు బూడిద. మెరుపైతే పసుపు పచ్చ. ఆట తెరవగానే కనిపించే బొమ్మలోనే కంపెనీవాళ్లు ఆ పసుపు దున్నను గంతులు వేయించి మరీ చూపిస్తారు.

హెప్సిబా వారమంతా వనపర్తిలో ఒక ల్యాబ్‌లో జనం దగ్గర రక్తం తీసే పని చేస్తుంది. ఆదివారం వీపనగండ్లలో చర్చి అయిపోగానే స్కూటీ ఎక్కి సోమశిలకు పరుగెత్తేది ఆ పసుపు దున్న కోసమే.

ఆ రోజు చిక్కింది బూడిద రంగుదే. ఆమె ముఖం కూడా అదే రంగులోకి మారింది.

"ఈసారి వొస్తది లే, మేడం," అన్నాడు ఉదయ్, ఇంజన్ మళ్లీ మొదలుపెడుతూ. "నేను గూడ ఆడుత."

వారమంతా కొల్లాపూర్‌లో ఫోన్లు బాగుచేసే దుకాణం నడిపే కుర్రాడు అతను. ఆదివారాలు మేనమామ బోటు నడుపుతాడు.

తరువాతి ఆదివారం ఆమె కేక పెట్టే పని లేకపోయింది. నది నడుమకు రాగానే అతనే ఇంజన్ ఆపేశాడు.

"ఏమైందయ్యా?" అని జనం అడిగితే, "ఇంజన్ జర వేడెక్కింది, చల్లబడాలె," అని ముఖంలో ఏ మార్పూ లేకుండా చెప్పాడు.

ఆ విధంగా ప్రతి ఆదివారం ఆ ఇంజన్‌కు జ్వరం రావడం మొదలైంది. అతను ఆలస్యం చేస్తే ఆమే 'బంద్ చెయ్' అని గుర్తు చేసేది. హెప్సిబా కొన్నాళ్లు 'అన్నా' అని పిలిచింది. ఆ తరువాత ఎప్పుడు మానేసిందో ఆమెకే తెలియదు. అతనికి మాత్రం బాగా తెలుసు.

ఒకసారి నది నడుమనే వాన పట్టుకుంది. జనమంతా టార్పాలిన్ కిందికి దూరారు. ఉదయ్ ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చి, ఆమె తల మీద కాకుండా చేతిలోని ఫోన్ మీద గొడుగులా పట్టాడు.

"నేను తడుస్తున్న, కనవడ్తలేనా?"

"నువ్వు తడిస్తే ఆరుతవు. ఫోన్ తడిస్తే నా దుకాణానికే రావాలె."

"అయితే తడవనియ్. వస్త."

ఉదయ్ కవరు పట్టుకోవడం మరిచిపోయాడు. ఫోన్ నిజంగానే తడిసింది. ఆమె నిజంగానే దుకాణానికి వచ్చింది.

క్రిస్మస్ దగ్గరపడిన ఒక ఆదివారం, ఇంజన్ ఆపాక అతను మెల్లగా అడిగాడు. "వచ్చే వారం మా అమ్మ మీ ఇంటికి వొస్త అంటుంది. రమ్మనాల్నా?"

హెప్సిబా ఫోన్‌లోంచి తల ఎత్తలేదు. "రమ్మను," అంది. నీటిదున్న వచ్చిందా లేదా అని ఆ రోజు ఇద్దరిలో ఎవరూ అడగలేదు.

కథ అక్కడితో సుఖంగా ముగిసేదే. కానీ పసుపు దున్న ఎందుకు రావడం లేదని ఎప్పుడో దసరా నాడు ఆమె కంపెనీకి రాసిన మెయిల్‌కు, వాళ్లకు ఆ వారమే తీరిక దొరికి జవాబు వచ్చింది. చదివింది. చదివి, ల్యాబ్‌లో సెలవు చెప్పి, సరాసరి కొల్లాపూర్ వచ్చి దుకాణం ముందు స్కూటీ ఆపింది.

"చూడు! చూడిది!" ఫోన్‌ను గాజు బల్ల మీద పెట్టింది. "పసుపు దున్నకు తాళమేసి పెట్టిన్రంట! ఎంత ఎతికినా రాదంట! ఎండాకాలంల హైదరాబాద్‌ల మేళా పెడ్తరంట, టికెట్ కొన్నోళ్లకే గాడ తాళం తీస్తరంట!"

"అవునా," అన్నాడు ఉదయ్.

"అవునా ఏంది? మన కృష్ణల తిరిగే దున్నను తీస్కపోయి ఏసీ హాల్ల మెరిపిస్తరా? తాళమేసుకునేటోళ్లు ఏసుకోనియ్, చెప్పి ఏసుకోవాలె గదా! ముందట బొమ్మల గంతులేయించుడు, ఎనక తాళమేసుడు! ఏం మనుషులు వీళ్లు!"

ఆమె కోపంలో అక్షరం తప్పు లేదు. దొరకదని ఒక్క ముక్క చెబితే ఎవరి సొమ్ము పోయింది? చెబితే జనం వెతకడం మానేస్తారు, వెతకడం మానితే ఆట తెరవరు. అంతే కదా వాళ్ల లెక్క! ఆశ చూపించి మనిషిని తిప్పుకోవడం కంటే నీచమైన పని ఇంకొకటి ఉందా?

అంతలో ఆమె ఆగింది. ఎదుటివాడు తనతో కలిసి మండిపడటం లేదు. స్క్రూడ్రైవర్‌ను అటూ ఇటూ తిప్పుతూ చూపు తప్పిస్తున్నాడు.

"నీకు ముందే తెల్సా?"

అతను బల్ల మీది ఫోన్‌ను బోర్లించాడు.

"ఉదయ్, నిన్నే!"

"తెల్సు. వానలప్పటి సంది తెల్సు. ఎవరో ఒకాయన ఆటను లోపలంత ఇప్పి చూసి వీడియో పెట్టిండు, తాళమేసి ఉందని."

"మరి నాకెందుకు చెప్పలే?"

"చెప్తే నువ్వు రావు గదా," అన్నాడు, కొద్దిగా నవ్వబోతూ.

ఆ నవ్వే కొంప ముంచింది.

"ఎండల స్కూటీ తోలుకొని వొస్తి. మా అమ్మతోని తిట్లు తింటి. 'ఈసారి వొస్తది లే' అని ప్రతిసారి నువ్వే అంటివి! కంపెనీవాళ్లకు నా ముఖం తెల్వదు. నా ముఖం చూసుకుంటనే మోసం చేసినోడివి నువ్వు!"

"హెప్సీ, మోసం గాదు, నేను..."

"మీ అమ్మను రావొద్దని చెప్పు."

స్కూటీ వెళ్లిపోయింది. ఉదయ్‌కు ఆ మాట తల్లికి చెప్పే ధైర్యం చాలలేదు.

ఆదివారం మధ్యాహ్నం అతని తల్లి బుజ్జమ్మ, కొత్త చీర కట్టుకుని, లడ్డూల డబ్బాతో వీపనగండ్లలో దిగింది. వెనకే ఉదయ్, తప్పు చేసి బడికి వచ్చినవాడిలా.

"వందనాలు అన్నా," అంది బుజ్జమ్మ, హెప్సిబా తండ్రి దానియేలుతో. ఆయన బర్రెలు కొని అమ్మే మనిషి. పెబ్బేరు సంతలో ఆయనను ఎరగనివాళ్లు తక్కువ.

"వందనాలు చెల్లె, కూసో." ఆయన కూతురి వైపు చూశాడు. "ఏం బిడ్డా, ముఖం గట్ల పెట్టినవేంది?"

హెప్సిబా దాచలేదు. ఆట, దున్న, తాళం, అతను తెలిసీ చెప్పకపోవడం, అన్నీ నడింట్లో నిలబడి చెప్పేసింది. పక్కింటి వాళ్లకు కూడా వినపడేంత గట్టిగా చెప్పింది.

బుజ్జమ్మ నోరు తెరిచింది. "ఫోన్ల బర్రె కోసం సంబంధం ఇడుస్తరా?"

"ఫోన్లదైతేంది, కొట్టంలదైతేంది, చెల్లె?" అన్నాడు దానియేలు. "బర్రె బర్రెనే, దాపెట్టుడు దాపెట్టుడే. మా నాయిన సంతల ధర చెప్పకముందే బర్రెను నడుమ నిలవెట్టి, దాని లొసుగులన్ని కేకేసి చెప్పేటోడు. తంతదా, పాలు ఎగ్గొడ్తదా, దొడ్లకెళ్లి దుంకుతదా, అన్ని. ఈ ముచ్చట్ల నేను గూడ గంతే. లే పిల్లగా! వాకిట్లకు నడువు. నీ లొసుగులు చెప్పు. గట్టిగ చెప్పు."

ఉదయ్ వాకిట్లో నిలబడ్డాడు. పక్కింటి వాళ్లు గోడ మీదుగా చూస్తున్నారు.

"డిప్లొమల ఒక సబ్జెక్టు ఇప్పటికీ పాస్ గాలే."

"ఊ."

"పండుకుంటే గురక వెడ్త."

"అది గూడ చెప్తవురా!" అని బుజ్జమ్మ నెత్తి కొట్టుకుంది.

"కోపమొస్తే మూతి ముడుసుకొని కూసుంట, మాట్లాడ." అతను తల దించుకున్నాడు. "ఇంగోటుంది. నాకు ఈత రాదు."

"ఏంది?" అంది హెప్సిబా.

"ఈత రాదు. ఇంజన్ నడుస్తుంటే భయమెయ్యది. ఆగితేనే భయం."

ప్రతి ఆదివారం బోటు అంచును పిడికిళ్లు తెల్లబడేలా పట్టుకుని నిలబడ్డ మనిషి ఆమె కళ్ల ముందు మెదిలాడు. అప్పుడు స్టైల్ కొడుతున్నాడనుకుంది ఆమె.

"లైఫ్ జాకెట్ గూడ ఏసుకోకపోతివి గదా!"

"నువ్వొస్తే ఒకటి తక్కువైతుండె. నాది నీకిచ్చిన."

"ఈత రానోడివి నది నడుమ ఇంజన్ బంద్ చేస్తవా? బుద్ధుందా నీకు? నీళ్లల్ల పడితే?" ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. కోపం మాత్రం తగ్గలేదు, పెరిగింది.

దానియేలు కూతురి వైపు తిరిగాడు. "ఇంగ నీయి చెప్పు, బిడ్డా."

"నాకు కోపమెక్కువ."

"అది ఊరంత తెల్సు. దాపెట్టింది చెప్పు."

హెప్సిబా చున్నీ కొసను వేలికి చుట్టుకుంది.

"ఆఖరి రెండు ఆదివారాలు నా ఫోన్ల ఆటనే లేదు. జాగ సాల్తలేదని తీసేసిన."

ఉదయ్ తల చటుక్కున ఎత్తాడు. "మరి ఇంజన్ బంద్ చెయ్యమంటివి గదా!"

"అంటి."

"దున్న రానీకి అంటివి!"

"అంటి. ఇంజన్ ఆగితే నువ్వు వొచ్చి నా దగ్గర నిలవడుతుంటివి. అందుకని..."

"నాకు ఈత రాదే!" అని అరిచాడు ఉదయ్. జీవితంలో మొదటిసారి అతనికి మూతి ముడవడం చేతకాలేదు.

గోడ మీది ముఖాలు పకపకా నవ్వాయి. దానియేలు తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "రెండు దిక్కుల లొసుగులు బయటపడినయి. ఇంగ నాకు చెప్పేదేం లేదు. చెల్లె, ఆ లడ్డూల డబ్బా ఇప్పు."

ఆ సాయంత్రమే హెప్సిబా కంపెనీకి ఇంకో మెయిల్ రాసింది. 'బర్రెలమ్మే మా నాయినకున్న నీతి మీకు లేదు. తాళం ఉంటే ఉందని ముందే చెప్పండి,' అని. జవాబు రాలేదు, వచ్చేదాకా వదిలే రకం కాదు ఆ పిల్ల.

మరుసటి ఆదివారం బోటు రేవు దాటింది. ఆమె కొత్త జాకెట్ ఒకటి కొని తెచ్చి, జనం ముందరే అతనికి తొడిగి, పట్టీలన్నీ తనే బిగించింది. నది నడుమకు రాగానే అలవాటు కొద్దీ అతని చెయ్యి ఇంజన్ మీదికి వెళ్లింది.

"ఖబర్దార్!" అంది హెప్సిబా, వచ్చి అతని పక్కనే కూర్చుంటూ. "బంద్ చేసినవంటే చూడు. నడుపు, సక్కగ ఒడ్డుకు నడుపు."