గుండ్లూ పుల్లలూ

ఇబడాన్ ఊరు మొత్తమ్మీద అబద్ధమాడని ముసలాడు ఒక్కడే, అది నేనే. ఈ కథలో ఒక్క ముక్క కల్పితమని తేలినా నా టోపీ మీకిచ్చేస్తాను.

కొలాపో అనే కుర్రాడిదీ, మోజిసోలా అనే అమ్మాయిదీ యూనివర్సిటీలో ఒకే ల్యాబ్. వేడెక్కిన యంత్రాల్ని చల్లార్చే నీళ్లలో కంటికి ఆనని రేణువులు కలపడం వాళ్ల చదువు. రేణువులు గుండ్రంగా ఉండాలని అతను, సన్నపుల్లల్లా ఉండాలని ఆమె.

"నీ గుండ్లు ఒకదాన్నొకటి పలకరించుకోవు. నా పుల్లలైతే చేతులు చాచి వేడి అందించుకుంటాయి," అనేది.

"అందించుకుంటూ నీళ్లని మనం తినే అమలా పిండిముద్ద చేస్తాయి. పంపు గుండె ఆగి చస్తుంది," అనేవాడు. ఆమె కళ్లెత్తి చూస్తే మాత్రం మనవాడే ముద్దయ్యేవాడు.

ల్యాబ్‌లో బతికున్న పంపు ఒక్కటే. ఎవరి నీళ్లు ఎక్కువ వేడి లాగితే ఏడాదంతా పంపు వాళ్లదన్నారు ప్రొఫెసరు. రెండోవాళ్ల పట్టా ఏడాది వెనక్కి.

పరీక్ష రోజు పొద్దున్నే కరెంటు పోయి, మధ్యాహ్నం వచ్చింది. రాగానే ఊళ్లో అందరూ చేసే పనే కొలాపో చేశాడు. ఫోను పట్టుకుని దగ్గరున్న సాకెట్ మీద పడి, అందులో ఉన్న ప్లగ్గు పీకేశాడు. అది మోజిసోలా సీసాని కలియతిప్పే యంత్రానిది. పుల్లలన్నీ అడుగునే పడుకుండిపోయాయి. ఆమె క్లాసు నుంచి పరుగున వచ్చి, పైపైన వంపి పంపులో పోసింది. ఉత్త నీళ్లే. కొలాపో గెలిచాడు.

ఆమె పోట్లాడలేదు. బ్యాగు తగిలించుకుని వెళ్లిపోయింది. అప్పుడు కనబడింది అతనికి, నేలమీద ఆ ప్లగ్గు.

బయట వాన. అమలా కొట్టు రేకుల కింద ఆగి ఉందామె. కొలాపో తడుస్తూ వెళ్లి జరిగిందంతా చెప్పాడు. ప్రొఫెసరుకీ చెప్పేశానన్నాడు.

ఆమె వాన వైపు తిరిగి అడిగింది.

"చార్జింగ్ ఎంతెక్కింది?"

"నలభై రెండు శాతం."

"ఎవరికి ఫోన్ చెయ్యాలని అంత తొందర?"

"నీకే. కరెంటొచ్చింది, సీసా చూసుకోమని."

నవ్వు ఆపుకోలేక ఆమె మొహం తిప్పుకుంది.

మళ్లీ పెట్టిన పరీక్షలో పుల్లలే గెలిచాయి. పంపు మాత్రం ముసలి దున్నలా మూలిగింది.

"నీ గుండ్లు కొన్ని పట్రా," అంది మోజిసోలా. "కలిపి చూద్దాం. పంపు ఇద్దరిదీ."

"పంపొక్కటేనా?"

"నా సాకెట్ ముట్టనని ఒట్టెయ్, ఆలోచిస్తా."

వేశాడు. ఆలోచించింది. పెళ్లి విందులో నేను మూడు పళ్లేలు లాగించాను.

అంతా నిజమే, ఆ వాన తప్ప. ఆ రోజు ఎండ మాడ్చేసింది. వాన లేకుండా ఆ రేకుల కింద ఆమె ఎందుకు ఆగినట్టో నన్నడక్కండి. టోపీ పట్టుకుపొండి.